దాడి జరిగిన మూడో రోజు కార్టూన్ వేయవచ్చా?

మీరు అడిగిన సంగతిని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు, మీ మిత్రులు కలిసి తెలుగులో ఒక హాస్య పత్రికను అంతర్జాలంలో నడుపుతున్నారు. ఉగ్రవాదుల దాడి జరిగిన మూడో రోజుకల్లా మీ దగ్గర మూడు కార్టూన్లు సిద్ధమయ్యాయి. మొదటిదాంట్లో, చచ్చిపోయిన ఉగ్రవాది స్వర్గద్వారం దగ్గర నిలబడి తనకు ఇస్తామన్న బహుమానాలు ఏవని కావలివాణ్ణి నిలదీస్తుంటాడు. రెండోదాంట్లో, గడ్డం, టోపీ ఉన్న ఒక మనిషి బస్సెక్కగానే తక్కిన ప్రయాణికులంతా కిటికీల్లోంచి దూకుతుంటారు. మూడోదాంట్లో, ఒక మంత్రిగారు ‘తీవ్రంగా ఖండిస్తున్నాను’ అన్న రబ్బరు స్టాంపు తీసి, దాని తేదీ చక్రం తిప్పుకుంటూ ఉంటారు. మీలో సగం మంది వేసేద్దామంటున్నారు, సగం మంది ఇప్పుడే వద్దంటున్నారు. ఉగ్రవాదానికి నవ్వు జవాబవుతుందా, అయితే ఎప్పుడు వేయాలి, ఎవరి మీద వేయాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఒక దినపత్రికలో పాకెట్ కార్టూన్లు, ఆదివారం హాస్య పుటలు చూసే డెస్కులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. కాబట్టి నా తప్పుతోనే మొదలుపెడతాను. 2007 ఆగస్టు 25 శనివారం సాయంత్రం హైదరాబాద్ లుంబినీ పార్కులోనూ, కోఠీ గోకుల్ చాట్ దగ్గరా కొద్ది నిమిషాల తేడాతో బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. సోమవారం రాత్రి మా కార్టూనిస్టు రెండు బొమ్మలు ఇచ్చాడు. ఒకదాంట్లో, పోలీసు స్టేషన్ అటక మీదినుంచి ‘హై అలర్ట్’ అన్న బోర్డును దించి కానిస్టేబుల్ దుమ్ము దులుపుతున్నాడు. రెండోదాంట్లో, పానీపూరీ బండి దగ్గర ఒకడు, ‘లోపల ఏం కూరావో ముందు విప్పి చూపించు’ అంటున్నాడు. రెండోదే చురుగ్గా ఉందనిపించి దాన్నే పేజీలో పెట్టించాను. పేజీ పెడుతున్న కుర్రాడు మౌస్ మీదినుంచి చెయ్యి తీసేసి, ‘సార్, మా పక్కింటాయన శనివారం అక్కడే ప్లేటు పట్టుకుని ఉన్నాడు’ అన్నాడు. అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. బొమ్మ మార్చాం. సిటీ ఎడిషన్ పది నిమిషాలు ఆలస్యమైంది, మందలింపు వచ్చింది. ఆ రాత్రి ఆ కుర్రాడు నోరు విప్పకపోయి ఉంటే మర్నాడు ఉదయం ఆ ఇంటి గుమ్మంలో పడే పేపర్‌లో ఏం ఉండేదో నేను ఇప్పటికీ తలచుకుంటూ ఉంటాను.

రెండు బొమ్మలూ ఒకే చేతి పని, ఒకే రాత్రి వచ్చినవి, ఒకే సంఘటన మీద వేసినవి. ఒకటి అధికారుల అలసత్వాన్ని ఎద్దేవా చేసింది. ఇంకొకటి చనిపోయినవాళ్ల చేతిలోని ప్లేటును తమాషా వస్తువుగా మార్చింది. కనుక మీవాళ్లు వాదించుకుంటున్న ‘ఇది తొందరపాటా, కాదా’ అన్న మాట అసలు ప్రశ్న కాదని నా అభిప్రాయం. ఇందుకు అమెరికాలో చక్కని రుజువు ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అక్కడి టెలివిజన్ హాస్య కార్యక్రమాలు కొద్ది రోజులు మూగబోయాయి. ఆ ఏడాదే న్యూయార్క్‌కు మకాం మార్చిన ‘ది ఆనియన్’ అనే వ్యంగ్య వారపత్రిక సెప్టెంబరు 26న, అంటే దాడి జరిగిన 15వ రోజున, సంచిక మొత్తాన్నీ ఆ దాడికే కేటాయించింది. స్వర్గానికి వెళ్తామనుకున్న హైజాకర్లు నరకంలో తేలి బిత్తరపోయారని ఒక వార్త వేసింది. ఎవరినీ చంపవద్దన్న తన మాటలో అర్థం కానిదేముందని దేవుడు విలేకరుల మీద మండిపడ్డాడని ఇంకో వార్త వేసింది. నాకు అన్నిటికంటే నచ్చినది మూడోది. ఏం చేయాలో తోచని ఒక సామాన్య ఇల్లాలు వంటింట్లోకి వెళ్లి జాతీయ జెండా ఆకారంలో కేకు చేసి పొరుగింటికి పట్టుకెళ్తుంది. నవ్వూ వస్తుంది, గొంతులో ఏదో అడ్డం కూడా పడుతుంది. ఆ సంచికను పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు.

సరిగ్గా మూడు రోజుల తరువాత, సెప్టెంబరు 29న, అదే నగరంలో గిల్బర్ట్ గాట్‌ఫ్రీడ్ అనే హాస్యనటుడు ఒక విందు సభలో, తనకు లాస్ ఏంజెలెస్‌కు నేరుగా వెళ్లే విమానం దొరకలేదనీ, దారిలో ఎంపైర్ స్టేట్ అనే ఆకాశహర్మ్యం దగ్గర ఆగాలట అనీ జోకు వేశాడు. సభలో ఈలలు, తిట్లు. అప్పుడే ఏం తొందరొచ్చిందని ఒకరు అరిచారు. తొందరే అసలు తప్పయితే మూడు రోజులు ముందు వచ్చిన పత్రికకు ఇంకా ఎక్కువ తిట్లు పడి ఉండాలి. విమానంలో కూర్చుని చనిపోయినవాళ్ల క్షణాన్ని జనం నవ్వడానికి ఇవ్వలేదు. హంతకుల గర్వాన్ని, తమ నిస్సహాయతను ఇచ్చారు. గాట్‌ఫ్రీడ్ మంచి హాస్యనటుడు, ఆ రాత్రే వేరే జోకుతో సభను మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు. అది వేరే కథ.

ఇక నవ్వు ఏ పని చేస్తుందన్న మాట. ఉగ్రవాదం ఒక నాటకమని బ్రయాన్ జెంకిన్స్ అనే పరిశోధకుడు 1974లోనే రాశారు. చనిపోయేవాళ్ల కంటే చూసేవాళ్లు ఎక్కువమంది ఉండాలన్నది దాని లెక్క. ముసుగు, నల్లజెండా, నెమ్మదిగా ఉరిమే గొంతు, వెనకాల సంగీతం, ఇవన్నీ వేషం కట్టడంలో భాగాలే. మన తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. తెర మీద పది తలల రావణుడు ముల్లోకాలూ దద్దరిల్లేలా బీరాలు పలికి వెళ్లిన మరుక్షణం కేతిగాడు వచ్చి, అదే మాటను ముక్కుతో పలికి, బంగారక్కతో రెండు మోటు సరసాలాడి పోతాడు. కేతిగాడు రావణుణ్ణి చంపడు, ఆ పనికి రాముడు వేరే ఉన్నాడు. ముందు వరుసలో కూర్చుని బిక్కచచ్చిన పిల్లలకు ఊపిరి ఆడేలా చేయడం వరకే వాడి పని. వ్యంగ్యం నుంచి అంతకు మించి ఆశించకండి, అంతకు తక్కువ చేసి కూడా చూడకండి. కార్టూన్ చూసి తుపాకీ కింద పడేసిన ఉగ్రవాది నా ఎరుకలో ఎవడూ లేడు. భయపడుతున్న వందమంది భయాన్ని కాస్త తగ్గించడం, ఆ వేషం చూసి మోజుపడబోతున్న ఒకరిద్దరు కుర్రాళ్ల కళ్లముందు ఆ కిరీటం అట్టముక్కదని చూపించడం, ఈ రెండూ జరిగే పనులు.

ఆ అట్టముక్కను చూపించడానికి ఒక్కోసారి జోకు కూడా అక్కర్లేదు. 2006 ఏప్రిల్‌లో ఇరాక్ అల్‌ఖైదా నాయకుడు అబూ ముసబ్ అల్ జర్కావీ మెషీన్‌గన్ పేలుస్తూ ఒక వీడియో విడుదల చేశాడు. దాని కత్తిరించని అసలు దృశ్యాలు ఒక సోదాలో అమెరికా సైన్యానికి దొరికితే, మే 4న బాగ్దాద్‌లో విలేకరులకు చూపించారు. మహావీరుడు ట్రిగ్గర్ నొక్కితే ఒక్కొక్క గుండే బయటికి వస్తోంది. ఆయన తుపాకీని ఎగాదిగా చూసి అనుచరుణ్ణి పిలుస్తాడు, వాడు వచ్చి సరిచేసి ఇస్తాడు. తరువాత ఇంకొక అనుచరుడు కాలుతున్న గొట్టాన్ని ఒట్టి చేత్తో పట్టుకుంటాడు. నల్లని దుస్తుల కింద తెల్లని అమెరికన్ కంపెనీ బూట్లు. ఒక్క వ్యాఖ్య లేకుండా కెమెరాయే అంతా చెప్పింది. అయితే చూపించినది శత్రుసైన్యం గనుక, నమ్మవలసినవాళ్లలో కొందరు నమ్మరు. పైగా అది కొత్తవాళ్లను ఇబ్బంది పెట్టే తుపాకీయేనని సైనిక వ్యవహారాలు తెలిసినవాళ్లే అన్నారు. నవ్వుతున్నది ఎవరన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న అవుతుంది.

అందుకే, ఈ విషయంలో ఎవరిని చూసి నేర్చుకోవాలని నన్ను అడిగితే, సిరియాలోని ఇడ్లిబ్ ప్రాంతంలో అత్తిపళ్లకు పేరున్న కఫ్రన్‌బెల్ అనే చిన్న ఊరి పేరు చెబుతాను. 2011లో అసద్ ప్రభుత్వం మీద తిరుగుబాటు మొదలైనప్పటి నుంచీ ఆ ఊరివాళ్లు శుక్రవారం శుక్రవారం ఊరేగింపు తీసి, పెద్ద గుడ్డల మీద ఆంగ్లంలోనూ అరబ్బీలోనూ వ్యంగ్య వ్యాఖ్యలు, కార్టూన్లు రాసి పట్టుకుని ఫోటో దిగి ప్రపంచానికి పంపేవారు. మాటలు చాలావరకు రాయెద్ ఫారెస్ అనే ఆయనవి, బొమ్మలు అహ్మద్ జలాల్ అనే చిత్రకారుడివి. ముందు అసద్‌ను ఎగతాళి చేశారు, తరువాత ఐసిస్ అనే ఉగ్రవాద సంస్థ వస్తే దాన్నీ వదల్లేదు, మధ్యమధ్య ఒబామాకూ చురకలు వేశారు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలినప్పుడు మాత్రం వాళ్ల బ్యానర్‌లో హాస్యం లేదు. ఇది సిరియాలో ప్రతిరోజూ జరిగే దానికి దుఃఖకరమైన నమూనా అనీ, తమ సానుభూతిని స్వీకరించమనీ రాసి పట్టుకున్నారు. ఎప్పుడు నవ్వకూడదో తెలిసినవాడి నవ్వుకే విలువ అని నేను చెప్పడం కంటే ఆ ఫోటో చూడటం నయం.

ఫారెస్ అక్కడ ‘రేడియో ఫ్రెష్’ అనే కేంద్రం కూడా నడిపారు. అల్‌ఖైదాకు చెందిన నుస్రా ముఠా ఆ ప్రాంతంలో బలపడి, రేడియోలో సంగీతం వినిపించకూడదనీ, ఆడవాళ్ల గొంతు రాకూడదనీ హుకుం జారీ చేసింది. ఎదిరిస్తే ప్రాణాలు దక్కవు, లొంగితే రేడియో ఉండి ప్రయోజనం లేదు. ఫారెస్ ఆ హుకుమ్‌ను అక్షరాలా పాటించారు. సంగీతం రావలసిన చోట మేకల అరుపులు, కోళ్ల కొక్కొరొకోలు, పిట్టల కిచకిచలు ప్రసారం చేశారు. వార్తలు చదివే ఆడపిల్లల గొంతును కంప్యూటర్‌లో మార్చి, మగవాడిదో యంత్రానిదో తెలియని గొంతుగా వినిపించారు. ఒక్కసారి ఊహించండి: వంటింట్లో రేడియో పెట్టుకున్న ఇల్లాలికి వార్తల మధ్యలో పాటకు బదులు మేక ‘మే’ అంటుంది. ఆ మేక అరిచిన ప్రతిసారీ ఇక్కడ పాటను ఎవరు నిషేధించారో ఊరంతటికీ గుర్తొస్తుంది. నిషేధం వేసినవాడి మీద ఒక్క మాట కూడా అనకుండానే ఆ నిషేధం ఎంత వెర్రిదో వినిపించడం, ఇన్నేళ్లలో నేను చూసిన వ్యంగ్యంలో దీనికి సాటి వచ్చేది లేదు. దీనికి ఆయన చెల్లించిన మూల్యం కూడా మీకు తెలియాలి. 2014 జనవరిలో ఆయన మీద కాల్పులు జరిగితే బతికారు. 2016 జనవరిలో నుస్రా మనుషులు స్టేషన్ మీద పడి ఆయనను పట్టుకుపోయి వదిలారు. 2018 నవంబరు 23న ఆయననూ, సహచరుడు హమూద్ జునైద్‌నూ సాయుధులు ఆ ఊళ్లోనే కాల్చి చంపారు.

ఇది చెప్పాక, హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఏసీ గదిలో కూర్చుని మనం వేసే కార్టూన్‌ను ‘ధైర్యం’ అని పిలుచుకోవడానికి నాకు నోరు రాదు. మనది వేరే పని, చేయదగిన పనే, కానీ దాని పేరు ధైర్యం కాదు. 2015లో సౌదీ నటుడు నాసర్ అల్ కసబీ రంజాన్ నెల టీవీ ధారావాహికలో ఐసిస్‌ను ఎగతాళి చేస్తే చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఐసిస్‌లో చేరిన కొడుకును వెతుక్కుంటూ వెళ్లిన తండ్రిగా నటించాడాయన. ఇఫ్తార్ అయ్యాక కుటుంబమంతా టీవీ ముందు కూర్చునే వేళ, ఆ మతం లోపలి మనిషి, ఆ భాషలోనే, ఆ ఇళ్లలోని తండ్రుల భయాన్నే నవ్వుగా మార్చి చూపించాడు. దీనికి పూర్తి వ్యతిరేకంగా, 2014లో అమెరికా విదేశాంగ శాఖ ‘ఐసిస్ దేశానికి స్వాగతం, పరుగున రండి’ అన్న ధోరణిలో ఒక వెటకారపు వీడియో తీసింది. ఐసిస్ సొంతంగా తీసుకున్న ఘోరమైన దృశ్యాలనే అందులో వాడుకుంది. ఆ దృశ్యాలకు ఉచితంగా ఇంకాస్త ప్రచారం దొరికింది. ప్రభుత్వం వెటకారానికి దిగితే కలెక్టరుగారు పెళ్లిలో జోకు వేసినట్టు ఉంటుంది: ఎదుట ఉన్నవాళ్లు నవ్వుతారు, ఎవరూ నమ్మరు.

ఊరి ప్రజలు తలచుకుంటే ఎలా ఉంటుందో జర్మనీలోని వున్‌సీడెల్ చూపించింది. హిట్లర్ అనుచరుడు రుడాల్ఫ్ హెస్ సమాధి 2011 దాకా అక్కడ ఉండేది కాబట్టి నయా నాజీలు ఏటా ఆ ఊళ్లో కవాతు చేసేవారు. వీళ్లు బాంబులు పెట్టినవాళ్లని నేను అనడం లేదు, కానీ జనాన్ని భయపెట్టి వీధిని ఆక్రమించే నాటకం మాత్రం అదే. అడ్డుకుంటే కొట్లాట, ఊరుకుంటే అవమానం. 2014 నవంబరులో ఊరివాళ్లు వాళ్లకు చెప్పకుండానే ఆ కవాతును విరాళాల నడకగా ప్రకటించారు: వాళ్లు నడిచే ప్రతి మీటరుకూ 10 యూరోల చొప్పున, తీవ్రవాద ముఠాల్లోంచి బయటికి రావాలనుకునేవాళ్లకు సాయపడే సంస్థకు వెళ్తుంది. రోడ్డు మీద మన పరుగుపందేల్లో లాగా బయలుదేరే గీత, సగం దూరం గీత గీశారు. దారిలో అరటిపళ్ల బల్ల పెట్టి ప్రోత్సహించారు. చివర్న, తమకు వ్యతిరేకంగా తామే 10,000 యూరోలు సేకరించినందుకు కృతజ్ఞతలు తెలుపుతూ బ్యానర్ కట్టారు. ముందుకు నడిస్తే నష్టం, ఆగిపోతే ఓటమి. ఈ ఎత్తు వేసిన బుర్రకు దండం పెట్టవచ్చు.

షార్లీ ఎబ్దో సంగతి చెప్పకుండా ఈ సమాధానం పూర్తికాదు, కానీ అది మీరు అనుకునేంత మంచి ఉదాహరణ కాదు. 2015 జనవరి 7న పారిస్‌లో, మహమ్మద్ ప్రవక్త బొమ్మలు వేసిన ఆ వ్యంగ్య వారపత్రిక మీద జరిగిన దాడిలో 12 మంది చనిపోయారు. వారిలో ఫ్రాన్స్ మెచ్చిన కార్టూనిస్టులు కాబ్యు, వొలిన్‌స్కీ ఉన్నారు. కార్యాలయం బయట వీధిలో హంతకులు కాల్చి చంపిన పోలీసు అహ్మద్ మెరాబే ముస్లిం. బొమ్మకు తుపాకీ జవాబు కావడానికి ఏ సాకూ చెల్లదు, ఇందులో నాకు ‘కానీ’ లేదు. వారం తిరిగేసరికి, జనవరి 14న, మిగిలినవాళ్లు సంచిక తెచ్చారు. మామూలుగా 60,000 ప్రతులు వేసే పత్రిక ఆ వారం 70 లక్షలకు పైగా అచ్చయింది. ముఖచిత్రం వేసిన లూజ్, ‘అంతా క్షమించాం’ అన్న మాట రాసి తాను ఏడ్చానని చెప్పాడు. ఆ ఏడాదే, ప్రవక్త బొమ్మలు వేయడంలో తనకు ఇక ఆసక్తి లేదని చెప్పి, పత్రికను కూడా వదిలేశాడు. వేసే హక్కు ఉండటం ఒకటి, ఆ పద్ధతే మనకు సరైన దారి అవడం ఇంకొకటి. మతాధికారం మీద వందేళ్లకు పైగా కత్తి దూసిన ఫ్రెంచి సంప్రదాయంలో పుట్టిన బొమ్మ అది. దాన్నే తెచ్చి మన బస్తీ గోడకు అతికిస్తే ఆ చరిత్ర వెంట రాదు, బొమ్మ మాత్రమే వస్తుంది.

బ్రస్సెల్స్ గురించి ఒక్క మాట, ఎందుకంటే అది తలచుకున్నప్పుడల్లా నా మనసు తేలికపడుతుంది. 2015 నవంబరు 22 రాత్రి ఆ నగరంలో ఉగ్రవాదుల కోసం సోదాలు జరుగుతుంటే, పోలీసుల కదలికలను ట్విటర్‌లో పెట్టవద్దని అధికారులు కోరారు. జనం వాటి బదులు తమ పిల్లుల ఫోటోలు పెట్టారు. వెతికేవాడికి పిల్లులు తప్ప ఏమీ కనపడలేదు. మర్నాడు పోలీసులు, రాత్రి సాయపడిన పిల్లులకు అంటూ ఒక గిన్నెడు పిల్లి తిండి ఫోటో పెట్టి కృతజ్ఞత చెప్పారు.

ఇప్పుడు మీ మూడు బొమ్మలు. రెండోదాన్ని పక్కన పెట్టడం కాదు, చించేయండి. ప్రయాణికుల పిరికితనాన్ని వెక్కిరిస్తున్నామని మీలో ఒకరు వాదించారట, వాదన వరకు బాగానే ఉంది. అచ్చయ్యాక ఆ బొమ్మ కింద మీ వాదన ఉండదు, గడ్డం, టోపీ మాత్రమే మిగులుతాయి. మనిషిని వేషం బట్టి అనుమానించమనేది ఉగ్రవాది రాసిన నాటకంలోని రెండో అంకం, దాన్ని మీరు ప్రదర్శిస్తారు. పైగా, వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం, దురుద్దేశంతో మత భావాలను గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 196, 299 సెక్షన్ల కిందికి వస్తాయి. మీరు కేసుకు భయపడి ఆగాలని చెప్పడం లేదు, కేసు పెట్టినవాడి వైపు ఈ ఒక్కసారి న్యాయం ఉంటుందని చెబుతున్నాను.

మొదటిదాంట్లో తప్పు లేదు, కానీ సరుకు కూడా లేదు. 2001లో ఆనియన్ వేసినప్పుడు తాజాగా ఉన్న జోకు ఇన్నేళ్లలో నలిగి పీలికలైంది. మీవాళ్లకు ఆ హంతకుల గురించి ప్రత్యేకంగా తెలిసినది ఏదైనా ఉంటే, వాళ్ల ప్రకటనలోని ఒక డాంబికపు మాటో, జర్కావీ బూట్ల లాంటి ఒక వస్తువో, దాన్ని పట్టుకోండి. లేకపోతే వదిలేయండి.

మూడోది వేయండి. అది చనిపోయినవాళ్ల జోలికి పోలేదు, వాళ్లకు జవాబు చెప్పవలసినవాళ్లనే అడుగుతోంది. అయితే మీరు పంపిన నమూనాలో మంత్రిగారి వెనక గోడ మీద రక్తపు మరక ఒకటి ఉంది, దాన్ని తీసేయండి, ఆ గదిలో రక్తం ఉండదు, ఏసీ చల్లదనం ఉంటుంది. స్టాంపు ఇంకు ప్యాడు బాగా అరిగినట్టు వేయించండి. తేదీ చక్రం మీద ఈ దాడి తేదీ వేశారు. ఆ అంకెలు కూడా చెరిపేసి, చక్రాన్ని రెండు అంకెల మధ్య సగం తిరిగి ఆగినట్టు వేయమని మీ చిత్రకారుడికి చెప్పండి.